ఆరో బిరడా

గంట అన్నాడు దివాకర్. గంటసేపు లోపల ఒక్క చుక్క దిగకూడదు, దిగిందంటే క్రేనుతో పైకెత్తి మళ్ళీ మొదటి నుంచి చూడాల్సిందే అన్నాడు, అనేసి పైన చెక్కమూత తన చేత్తోనే జరిపి పోయాడు, దాదా ఖలందర్ నెత్తికి ఎండ తగలకూడదని. దయ చూపడంలో దివాకర్ తర్వాతే ఎవరైనా, కంబదూరు చుట్టుపక్కల ఆ మాట అందరూ ఒప్పుకుంటారు. ఇప్పుడు ఆ దయ కింద, గాలాడని చీకట్లో, టార్చిలైటు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు దాదా ఖలందర్, యాభై రెండేళ్ళ బోరు మోటార్ల మెకానిక్కు, ఇరవై ఆరడుగుల తెరచాప పడవ కడుపులో. పడవ ఉన్నది సముద్రంలో కాదు, దివాకర్ వేరుశనగ చేలో తవ్వించిన ఫారంపాండులో, నల్ల ప్లాస్టిక్ పట్ట మీద నిలబెట్టిన బోరు నీళ్ళలో. మూడు బోర్లు ఇరవై రెండు రోజులు రేయింబవళ్ళు తోడితే నిండిన గుంత అది. ఇంకెవరైనా అయితే ఈ కరువులో ఇన్ని నీళ్ళు గుంతలో పోసినందుకు పిచ్చోడనేవాళ్ళు, దివాకర్ గనక సరదా మనిషి అన్నారు. అరచెయ్యి పడవ అడుగున ఆనించాడు దాదా ఖలందర్. చల్లగా ఉంది. నడినెత్తిన మే నెల సూర్యుడు, అరచేతి కింద, వేలెడు మందం లేని ఫైబరు అవతల, చల్లటి నీళ్ళు. చెంప ఆనించాలనిపించింది, ఎవరూ చూడరు కదా అని ఆనించాడు కూడా, ఆనించినవాడు కాసేపు లేవలేదు.

ఆరు తూములు. ఇంగ్లీషులో సీకాక్ అంటారు ఆ పని తెలిసినవాళ్ళు, దాదా ఖలందర్ మాత్రం మనసులో తూము అనే అనుకుంటాడు. పడవ అడుగున నీటిమట్టం కింద ఆరు బొక్కలు పొడిచి ఉంటాయి, ఇంజను చల్లారేందుకు నీళ్ళు లోపలికి రావడానికి ఒకటి, వంటతొట్టి నీళ్ళు బయటికి పోవడానికి ఒకటి, పైతట్టు మీద పడ్డ నీళ్ళు దిగిపోవడానికి రెండు, మరుగుదొడ్డికి రాకకొకటి పోకకొకటి. బొక్క బొక్కకూ లోపలివైపు ఒక వాల్వు, వాల్వుకు పిడి, పిడి గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. కడుపులో ఆరు బొక్కలు పెట్టుకుని నీళ్ళ మీదికి పోయే ఈ తెలివి చూసి మొదట్లో నవ్వు వచ్చేది. చెరువు తూము తెరిస్తే నీళ్ళు మడికి పోతాయి, ఈ తూము చెడితే సముద్రం నీ పక్కలోకి వస్తుంది. అందుకే ప్రతి వాల్వు పక్కన ఒక బిరడా వేలాడగట్టి ఉంటుంది, మెత్తని కట్టెతో ఒక కొస సన్నగా చెక్కింది, వాల్వు పగిలినా గొట్టం ఊడినా చీకట్లో చెయ్యి చాపి అందుకుని బొక్కలో కుక్కి సుత్తితో ఒక దెబ్బ వెయ్యడానికి. ఈ ఆరింటినీ తనే చెక్కాడు, వేపకొమ్మతో, వారం రోజులు, గాజుపెంకుతో గీకి నున్నగా చేసి. ప్రతి వాల్వు కింద ఇంట్లోంచి తెచ్చిన ముగ్గుపిండి పల్చగా చల్లాడు, చుక్క పడితే నల్లగా తెలిసిపోతుంది. గల్ఫులో పదకొండేళ్ళు పనిచేసిన పడవల యార్డులో ఇందుకు ఏదో కాగితం వాడేవాళ్ళు. ముగ్గుపిండికున్న కళ్ళు ఆ కాగితానికి లేవు.

టక్, సర్ర్. టక్, సర్ర్. బయట పార. గట్టు అవతల తిరుపాలమ్మ కాలువ తీస్తోంది. నీళ్ళలో ఉన్న పడవకు చెవులెక్కువ, గట్టు మీద నడిచే కాలు కూడా అడుగు నుంచి వినిపిస్తుంది. పొద్దున ఆరింటికే మొదలుపెట్టింది తిరుపాలమ్మ, ఎవరూ రమ్మనలేదు. దివాకర్ చేనును ఆనుకుని ఆమెకు నూట ఇరవై చీనీ చెట్లున్నాయి, బత్తాయివి, మొగుడు చనిపోయిన ఏడాదే, అతను ఉండగా నాటినవి, పదకొండేళ్ళ చెట్లు, కాయ మీదున్నాయి. ఇక్కడ గుంత నింపడం మొదలుపెట్టిన పన్నెండో రోజున ఆమె బోరు గాలి కక్కింది. దాదా ఖలందర్‌నే పిలిచింది, ఇంకెవరిని పిలుస్తుంది. మోటారు పైకి లాగి, ఇంకో రెండు పైపులు జతచేసి దించితే బురద వచ్చింది, తర్వాత అదీ రాలేదు. భూమిలో నీళ్ళు లేవక్కా, ఏం చేసేది, అన్నాడు. భూమిలో నీళ్ళెందుకు లేవో అతనికి తెలుసు. కంచె అవతల దివాకర్ బోర్లకు పదిహేను గుర్రాల మోటార్లు దించింది ఈ చేతులే. పని ముగిశాక తిరుపాలమ్మ చెంబుతో మజ్జిగ ఇచ్చింది, ఎండన పడి చేసినావు తాగప్పా అని. తాగాడు. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందన్నాడు. ఇప్పుడా చెట్లు ఆకులు దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి, ఈనెలు విరిచినా పచ్చి తగలడం లేదు, బతికితే ఇంకా మూడు రోజులో నాలుగు రోజులో. ఈరోజు తడి తగిలితే నిలుస్తాయి. దివాకర్ పదిమంది ముందర అన్నాడు మరి, టెస్టు అయిపోతే ఈ నీళ్ళతో నాకేం పనుండాది, తిరుపాలమ్మ తోటకు ఇడిసిపెడతా అని, ఆమె చేతులెత్తి దండం పెట్టింది, అందరూ శబాష్ అన్నారు. అందుకని ఈ గంట. ఈ గంటలో చుక్క దిగకపోతే నీళ్ళు చెట్లకు పోతాయి, దిగితే పడవ పైకి, నీళ్ళు గుంతలోనే, చెట్లు కట్టెలు.

ఒకటో తూము, పొడి. రెండోది, పొడి. పిడి తిప్పి చూశాడు, వెన్న తిరిగినట్టు తిరిగింది, మళ్ళీ అడ్డంగా పెట్టాడు. మూడు, నాలుగు, ఐదు. ఆరోది ముందు గదిలో, మంచం పలక కింద, మరుగుదొడ్డి పోక, ఒకటిన్నర అంగుళం, అన్నింటికంటే పెద్ద బొక్క. దాని దగ్గరికి ఆఖర్న పోయాడు, పోయి టార్చి వెంటనే వెయ్యలేదు. ఐదు వాల్వులు కంచు. ఆరోది ఇత్తడి. ఆ సంగతి ఈ లోకంలో ఒక్క దాదా ఖలందర్‌కే తెలుసు. బొంబాయి నుంచి వచ్చిన పెట్టెలో ఐదు సరైనవి, ఒకటి సైజు తప్పు. దివాకర్‌కు చెబితే మళ్ళీ తెప్పిస్తాలే, వారంలో వస్తాదన్నాడు. వారం పోయింది, ఇంకో వారం పోయింది, గుంతలో నీళ్ళు ఎండకు బెత్తెడు తగ్గడం, బోర్లు మళ్ళీ తోడి నింపడం, కంచె అవతల చెట్టు చెట్టూ వడలిపోవడం. ఆఖరికి అనంతపురం పోయి బోరు సామాన్ల అంగట్లో ఇత్తడి వాల్వు ఒకటి కొనుక్కొచ్చాడు, వాడిన ఇంజనాయిల్లో మసి కలిపి రుద్ది రుద్ది కంచు రంగు తెప్పించి, సరైన వాల్వు వచ్చేసిందన్నా అని చెప్పి బిగించాడు. మంచినీళ్ళలో ఇత్తడికి ఏమీ కాదు, ఇరవై ఏళ్ళకు పైగా బోర్ల మీద చూశాడు. ఉప్పునీళ్ళే దాని ప్రాణం తీసేది. పడవ సముద్రానికి పోయేది అక్టోబరులో, కార్వారుకు. ఈరోజు నీళ్ళు చెట్లకు పోతే చాలు, రేపే దివాకర్ ముందర నిలబడి నిజం చెప్పేస్తాడు, తిడతాడు, తిట్టనీ, కంచుది తెప్పించి మార్చేస్తాడు. అన్నీ ఆలోచించుకునే చేశాడు. పెద్ద తప్పు చేసేవాడు ఎప్పుడూ అన్నీ ఆలోచించుకునే చేస్తాడు.

ఈ సీజనుకు చాల్లే అన్నాడు అప్పుడు గల్ఫులో ఫోర్‌మన్ కూడా. కంచుది రాలేదు, ఇత్తడిదే వెయ్యి, ఈ సీజనుకు చాల్లే. వేసింది దాదా ఖలందరే. పక్కన టార్చి పట్టుకున్నది ముదిగుబ్బ యేసన్న. ఇద్దరూ ఒకే విమానంలో దిగారు, ఇద్దరూ బోరు పని తెలుసని చెప్పి పడవల యార్డులో చేరారు, పైపు ఎక్కడైనా పైపే కదా అనుకుని. మొదటి వారం ఒక పడవలో వాల్వు మెడ దగ్గర బొట్లు బొట్లుగా కారుతుంటే ఇద్దరూ చూశారు, చూసి, పరుగెత్తి పోయి బకెట్టు తెచ్చి కింద పెట్టారు. నీళ్ళు వృథా పోకూడదని. బకెట్టు నిండేదాకా కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు, నిండాక ఇంకోటి పెట్టారు. యార్డు యార్డంతా ఏడాది నవ్వింది వాళ్ళను చూసి, మూయమంటే నీళ్ళు పడతారేందిరా అని. ఏం చేస్తారు, కారే చోట పాత్ర పెట్టడం తప్ప ఇంకో బుద్ధి ఈ నేల నేర్పలేదు. యేసన్న కూడా పడీపడీ నవ్వేవాడు, నవ్వితే పైపళ్ళ మధ్య సందు కనిపించేది. ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా రొమ్ములోతు నీళ్ళు ఒకచోట చూడలేదు యేసన్న, ఈత ఎక్కడ నేర్చుకుంటాడు, ముదిగుబ్బలో గొర్రెలకు తాగించడానికే నీళ్ళు లేవు. ఇత్తడి వాల్వు వేసిన ఏడాదిన్నర తర్వాత ఆ పడవను ఇంకో రేవుకు తోలే పనికి యేసన్నతో కలిపి ముగ్గురు పోయారు, తెల్లవారుజామున ముందు గదిలో పడుకున్న యేసన్న వీపు కింద తడి తగిలి లేచి వాల్వు మూయబోతే పిడి మెడతో సహా చేతిలోకి ఊడి వచ్చింది. మిగతా ఇద్దరూ ఈదారు. వాళ్ళే చెప్పారు ఇదంతా, చెప్పింది వినడానికి దాదా ఖలందర్ ఉన్నాడు. ఆ పడవలో బిరడా లేదు, ఎప్పుడో ఊడితే మళ్ళీ ఎవరూ కట్టలేదు. తర్వాత పైకి తీసిన ఆ ఇత్తడి ముక్క అతని చేతికే ఇచ్చారు, జామపండు లోపలి రంగు, గులాబీగా, గోటితో గీకితే పొడిగా రాలింది. శవపెట్టెకు తోడుగా ముదిగుబ్బకు వచ్చింది కూడా అతనే. యేసన్న పెండ్లాం ఏడవలేదు, ఒకటే అడిగింది, అన్ని నీళ్ళుండాయా ఆడ, అని. ఉండాయమ్మా అన్నాడు. అన్ని నీళ్ళ మధ్య ఉండీ ఒక కుండెడు ఇంటికి పంపలేనందుకు మొగుణ్ణి తప్పుపడుతున్నట్టు చూసింది ఆమె.

టార్చి వేశాడు. ముగ్గుపిండి మీద నల్లటి చుక్క. ఆరో తూము కింద, సరిగ్గా మెడ కింద, శనగగింజంత తడి. చూస్తుండగానే దాని పక్కన ఇంకోటి. బయట టక్, సర్ర్. టక్, సర్ర్. వాల్వు మెడ తడిమాడు, పొడి, గొట్టం క్లిప్పులు తడిమాడు, పొడి, మరి ఇదెక్కడి నుంచి, లోపల సన్నటి చీలిక ఉందేమో, అంగడివాడు పాతది అంటగట్టాడేమో, ఆ మసి రుద్దడంలో తనే బిగింపు చూసుకోలేదేమో. చెట్లు అయిపోయాయి అనుకున్నాడు. నూట ఇరవై చెట్లూ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి, తిరుపాలమ్మ వాటిని పేర్లతో పిలిచేది, మూడో సాలులో ఐదోది అని కాదు, పొట్టిది, బోరు కాడిది, వాళ్ళాయన చెయ్యి పెట్టింది, అని. వేలికొసతో ఆ తడి అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. చెమట. తన గడ్డం మీది నుంచి కారిన చెమట. నవ్వొచ్చింది, నవ్వితే చెక్కగోడలు తిరిగి నవ్వాయి. జేబులోంచి ఇంకాస్త పిండి తీసి చల్లి, తలకు కట్టుకున్న తుండు గడ్డం కిందికి లాగి కట్టుకున్నాడు. ఉప్పు తగిలితే చచ్చే వాల్వు మీద తన ఉప్పే ముందు పడింది.

ఈ ముందు గది పద్మప్రియది. దివాకర్ కూతురు, ఇరవై మూడేళ్ళ పిల్ల, గోవాలో తెరచాప నేర్చుకుంది, ఈ పడవ తండ్రి ఆమెకోసమే కొన్నాడు. మంచి పిల్ల, ఆ మాట అనకుండా ఉండలేడు దాదా ఖలందర్. అడక్కముందే నీళ్ళ సీసా తెచ్చిస్తుంది, తను కింద కూర్చుని అతన్ని స్టూలు మీద కూర్చోబెడుతుంది, ఆరు వాల్వులూ తనే ఊడదీసి గ్రీసు పూసి బిగించడం నేర్చుకుంది, ఆరోది తప్ప, ఆరోది నేను చూసుకుంటాలే పాపా అన్నాడు. అతను నేర్పిన పాఠం ఒకటే. పడవెక్కినాక దేవుడికి మొక్కు మొక్కకపోతే పో, బిరడాలు మాత్రం లెక్కబెట్టు. బిరడాల మీద పెన్నుతో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసింది ఆమే. ఆరోదాని మీద అంకె పక్కన పువ్వు బొమ్మ కూడా వేసింది, తన తల దగ్గర ఉండేది కదా అని. రేపు వడ్రంగి వచ్చి ఈ మంచం పలక స్క్రూలతో బిగించి పైన పరుపు వేస్తాడు. అయినా ముందు తను నిజం చెప్పేస్తాడు కదా, పలక మళ్ళీ తీయిస్తే సరిపోతుంది. రేపు చెప్పేస్తాడు. నీళ్ళు కాలువలో పడినాక, మొదటి సాలు తడిసినాక చెప్పేస్తాడు.

మూత జరిగింది. వెలుతురు మెట్ల మీద పడింది, దాని వెనకే దివాకర్ తెల్ల చెప్పులు, దివాకర్.

"ఏమప్పా దాదా, ఉండావా, ఉడికిపోయినావా?"

"ఒక్క చుక్క దిగలేదన్నా."

దివాకర్ వంగి టార్చి తీసుకుని తనే చూశాడు, ఒకటి, రెండు, ఆరు దాకా. ఆరోదాన్ని చూపుడువేలితో తట్టి, "బంగారం మాదిరి చేసినావు," అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా, చల్లగా, అప్పుడే ఏసీ కారులోంచి దిగిన చెయ్యి.

"అట్లయితే నీళ్ళు ఇడుస్తామా అన్నా?"

"యా నీళ్ళు?"

"తిరుపాలమ్మక్క తోటకు ఇడుస్తానంటిరి కదా. కాలువ గూడా తీసి పెట్టుకుండాది."

"ఓ, అదా." దివాకర్ నిజంగానే మరిచిపోయాడు, అది అతని మొహంలో కనిపించింది, అబద్ధమాడినా ఇంత బాధ ఉండేది కాదు. "ఆదివారం బెంగుళూరు నుంచి మనోళ్ళు వస్తాండారు పడవ చూసేదానికి. నీళ్ళిడిసిపెడితే పడవ యాడ తేలాల, నా నెత్తి మీదనా? ఆ పైన చేపపిల్లలు ఇడుద్దామని ఉండాది. ఇంత నింపినాక ఒట్టిగా పోనిస్తారా ఎవరన్నా."

"చెట్లు ఆదివారం దాకా ఆగవన్నా."

"అవి మొన్ననే అయిపోయినాయి కదప్పా, చూసినా నేను. పోయేటివి పోతాయి. జేసీబీ పంపిస్తా, పీకించుకోమను. ఊరికేనే పంపిస్తా." మెట్లెక్కబోతూ ఆగాడు. "ఇంకేమన్నా చెప్పల్లా నువ్వు?"

పార ఇంకా వినిపిస్తూనే ఉంది. టక్, సర్ర్. ఆమెకు ఎవరూ చెప్పలేదు, దివాకర్ మనిషిని పంపి చెప్పించడం కూడా మరిచిపోయాడు, లేదా మరిచిపోవడానికి అది ఒక విషయంగానే లేదు. చెప్పాల్సింది ఉంది. అన్నా, ఆరోది ఇత్తడి. మూడు మాటలు. నాలుగైనా పట్టవు. ఈ మూడు మాటలూ రేపటికని దాచుకున్నాడు, కాలువలో నీళ్ళు పడ్డ సంతోషంలో చెప్పాలని, ఆ సంతోషం లేకపోతే మాటలు బయటికి ఎట్లా వస్తాయో అతనికి తెలియడం లేదు.

"ఏం లేదన్నా."

దివాకర్ పైకి పోయాడు. సామాన్లు సర్దుకో, క్రేను ఈడనే ఉంచుతాండాం అని వినిపించింది. దాదా ఖలందర్ స్పానర్లు సంచిలో వేసుకున్నాడు, గ్రీసు డబ్బా, టార్చి. ముగ్గుపిండి గుడ్డతో తుడిచాడు, ఒకటి దగ్గర, రెండు దగ్గర, ఇల్లు అలికినంత శ్రద్ధగా. మనసులో కోపం ఉందా అని వెతుక్కుంటే దొరకలేదు, ఎండ తగలని చోట ఉన్నట్టు హాయిగా ఉంది, అదే అతన్ని కొంచెం భయపెట్టింది. ఆరోదాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఇత్తడి మెడ మీద వేలు పెట్టాడు. ఎంతకాలం పడుతుంది, ఏడాది, ఏడాదిన్నర. యేసన్నకు ఏడాదిన్నర పట్టింది. పువ్వు బొమ్మ బిరడాను కట్టిన నూలుతాడు పంటితో కొరికాడు. తాడు కొత్తది, తెగడానికి టైము తీసుకుంది, ఆ టైములో మానుకోవచ్చు, ఎవరూ బలవంతం చెయ్యలేదు, కొరుకుతూనే ఉన్నాడు. బిరడా ప్యాంటు జేబులో వేసుకుంటే తొడకు చల్లగా తగిలింది.

పైనుంచి పద్మప్రియ తల లోపలికి వంచింది, వెలుతురుకు మొహం కనిపించలేదు, జడ మాత్రం ముందుకు జారి ఊగింది. "మామా, రేపు పలక కొట్టేస్తారంట కదా, ఆరోది మళ్ళా కనపడదు. బిరడాలు ఆరూ ఉండాయా, నువ్వే లెక్కపెట్టి చెప్పు."

లెక్కపెడుతున్నవాడిలా టార్చి అటూ ఇటూ తిప్పాడు దాదా ఖలందర్. అంత అవసరం కూడా లేదు, ఆమె అతని మాటే నమ్ముతుంది.

"ఆరూ ఉండాయి పాపా."

నిచ్చెన దిగి గట్టెక్కితే ఎండ కళ్ళలో పొడిచింది. అవతల తిరుపాలమ్మ గుంత మొదలు నుంచి తన తోట దాకా కాలువ పూర్తి చేసింది, తిన్నగా, అడుగు లోతున, ఎక్కడా వంకర లేకుండా, అంచులు పార వెనకతో తట్టి గట్టి చేసింది. ఆఖరి అడుగు మాత్రం మిగిల్చింది, నీళ్ళు వచ్చేటప్పుడు కొడదామని. అతన్ని చూసి పార నిలబెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇడుస్తాండారాప్పా?"

"లేదక్కా."

ఆమె చెట్ల వైపు చూసింది, తర్వాత కాలువ వైపు, తర్వాత తన చేతుల వైపు. దాదా ఖలందర్ జేబులోంచి బిరడా తీసి ఆ చేతుల్లో పెట్టాడు.

"ఏందప్పా ఇది?"

"వేపకట్టె. పొయ్యిలో పెట్టుకో."

తిరుపాలమ్మ దాన్ని తిప్పి చూసింది, పువ్వు బొమ్మ మీద బొటనవేలు రాసింది. "ఇంత నున్నగా చెక్కినావే, కాల్చేదానికా?"

"కాల్చేదానికే, అక్కా."